అతిథుల కోసం తడిపిన శెనక్కాయలు

ఆ రోజు పొద్దున షెడ్డులో ఉన్నవాళ్లు: రైతుల కంపెనీ చైర్మను, రాజధాని నుంచి వచ్చిన, పథకాన్ని చూసుకునే నోడల్ అధికారి, మన శెనక్కాయలు కొనే దేశం నుంచి వచ్చిన నలభై దాటిన ఆడ కెమిస్టు, ఆఫ్రికాలో శెనక్కాయ పండించే ఇంకో దేశం నుంచి వచ్చిన పెద్దాయన, ఇద్దరు విలేకరులు, షెడ్డు మేస్త్రక్క, ఆమె వెనకాల గోడకు ఆనుకుని పప్పు ఏరే ఆడవాళ్లు, నేను. ఉన్న వస్తువులు: కాయలు కొట్టే మిషను, దానికి వేలాడదీసిన బంతిపూల దండ, నాలుగు దేశాల జెండాలు అచ్చేసిన బ్యానరు, టెంకాయలు, తేమ మీటరు, మిషను ముందర పోసిన కాయల కుప్ప.

కుప్ప తడిగా ఉంది. ఈ కథంతా ఆ తడి గురించే.

ఇట్లాంటి పథకాల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి నా వయసు చాలదని తెలుసు. నేను రిటైరు కాలేదు. నా పోస్టు రిటైరైంది.

మాది పామిడి. ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ చేశాను. ఉరవకొండ నుంచి బెళుగుప్పకు పోయే దారిలో రైతుల కంపెనీ వాళ్లు కట్టిన షెడ్డు పక్కనే ఒక చిన్న ల్యాబు పెట్టి, అందులో నన్ను కూర్చోబెట్టారు. శెనక్కాయకు బూజు పడితే అందులో ఒక విషం పుడుతుంది. అది కంటికి కనబడదు, వేయిస్తే పోదు. అది ఎంత ఉందో కొలవడం నా పని.

పథకం ఏమిటో కొంచెం చెప్పాలి. నాలుగు వర్ధమాన దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఒక దేశం ల్యాబు ఇచ్చిన రిపోర్టును మిగతా మూడూ నమ్మాలి. సరుకు అవతలి రేవులో దిగాక మళ్లీ పరీక్ష ఉండదు. చదవడానికి ఇది ఎవరికీ పట్టని విషయం. కానీ మళ్లీ పరీక్ష అంటే సరుకు రేవులో ఆగిపోవడం. పెద్ద వ్యాపారి ఆ ఆలస్యాన్ని తట్టుకుంటాడు. వానలు లేని మండలంలో చిన్న రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ తట్టుకోలేదు. అందుకే ఆ ఒక్క వాక్యం మీద నాకు నమ్మకం కుదిరింది. దేశాల మధ్య సహకారం మీద నేను చదివిన కాగితాల్లో పేదవాడికి అక్కరకొచ్చే వాక్యం అదొక్కటే.

ఒప్పందంలో ఇంకో వాక్యం కూడా ఉంది. మొదట ఒక్కసారి, కొనే దేశం మనిషి స్వయంగా వచ్చి, తన చేత్తో శాంపిలు తీసుకుపోయి, వాళ్ల ల్యాబులో చూసుకోవాలి. అది పాసైతే ఆ తరువాత మా రిపోర్టు చాలు. ఆ ఒక్క శాంపిలు కోసమే ఆ రోజు అంతమంది వచ్చారు.

దాని మీద ఎవరి బతుకు ఆధారపడి ఉందో కూడా చెప్పాలి. చైర్మనుది కాదు. ఆయనకు భూములున్నాయి, ఉరవకొండలో పెట్రోలు బంకుంది, తమ్ముడు రాజకీయాల్లో ఉన్నాడు. నోడల్ అధికారిదీ కాదు. మేస్త్రక్కది, ఆమె పిలుచుకొచ్చిన ఆడవాళ్లది.

మేస్త్రక్కది బెళుగుప్ప దగ్గర పల్లె, కూలి చేసుకునే కుటుంబం. ఆదివారం చర్చికి పోయి, అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చేది. అంతకు ముందు చాలా ఏండ్లు బెంగుళూరులో కట్టడాల పనికి పోయింది. షెడ్డు పెడుతున్నారని తెలిసి వెనక్కి వచ్చింది. రావడమే కాదు, తనతో పనికొచ్చిన ఆడవాళ్లను కూడా ఒక్కొక్కరి ఇంటికి పోయి మాట్లాడి తెచ్చింది. ఎగుమతి మొదలైతే షెడ్డు ఏడాది పొడుగునా నడుస్తుంది. మొదలు కాకపోతే పంట వచ్చిన రెండు నెలలు నడిచి మూతపడుతుంది. ఆ లెక్క ఆమెకు నాకంటే బాగా అర్థమైంది.

"నీ మిషను పాసంటే మేం ఈడ ఉంటాం, ఫెయిలంటే బస్సెక్కుతాం," అనేది నా ల్యాబు గుమ్మంలో నిలబడి. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. "వద్దులేప్పా, యాదన్నా ముట్టుకుంటే పగిలిపోతాదేమో. పగిల్తే మళ్లా సీమ దేశం నుంచి తెప్పియ్యల్ల."

"సీమదేమీ కాదక్కా, పుణేలో చేసింది."

"అయితే ఇంగా తొందరగా పగుల్తాది."

ఇక తడి సంగతి. ఈ ప్రాంతంలో కాయలు మిషనుకు వేసే ముందు సాయంత్రం నీళ్లు చల్లుతారు. ఎండిన కాయను అట్లనే మిషనుకు వేస్తే లోపలి పప్పు బద్దలైపోతుంది. బద్దకు ధర లేదు. రవ్వంత తడి తగిలితే డొల్ల మెత్తబడి గింజ నిండుగా బయటికొస్తుంది. అందరూ చేసే పనే, ఎవరూ తప్పనుకోని పనే. కానీ ఆ తడి ఆరకముందే సంచిలో కట్టేస్తే బూజుకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. నేను చేరినప్పటి నుంచి దీని గురించి చెబుతూనే ఉన్నాను. వాళ్లు కూడా మెల్లగా తగ్గించారు. చల్లినా, మరుసటి రోజు పప్పును సిమెంటు కళ్లంలో ఎండబోసి, నేను మీటరు పెట్టి సరే అన్నాకే మూట కట్టేవాళ్లు.

ఆ పొద్దున నేను షెడ్డులో అడుగు పెట్టగానే వాన పడిన వాసన తగిలింది. అనంతపురం జిల్లాలో ఆ వాసన వస్తే ఎవరైనా సంతోషపడతారు. నేను మాత్రం నేరుగా మేస్త్రక్క దగ్గరికి పోయాను.

"అక్కా, నీళ్లు చల్లినారా?"

"చల్లకుంటే ఎట్లప్పా? ఈసారి కాయ చూసినావు గదా, ఎండకు మాడి గింజ ఎంత సన్నంగా ఉండాదో. మిషనుకేస్తే పిండైతాది."

"ఎంత చల్లినారు?"

ఆమె కొంచెం తటపటాయించింది. "చైర్మన్ సారు ఒక్క బద్ద గూడా కనపడగూడదన్న్యాడు. సాయంత్రం ఒగసారి చల్లినాం. ఇంటికి పోదామని బయల్దేరి, మనసాగక మళ్లా ఒగసారి చల్లినాం. సముద్రం దాటి వస్తాండారు గదప్పా. వచ్చినోళ్ల ముందర పగిలిన పప్పు పెట్టేదా?"

ఇంటికి చుట్టం వస్తే ఉన్నదాంట్లో మంచిది పెడతాం. వాళ్లు పెట్టిన మంచిది నీళ్లు. ఇందులో ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మీటరు గుచ్చి చూశాను. ఉండవలసినదానికి దాదాపు రెట్టింపు. పోయి చైర్మనుకు చెప్పాను. ఆయన అప్పుడు బంతిపూల దండ వంకరగా ఉందని ఎవరినో కసురుకుంటున్నాడు.

"తేమ ఎక్కువుందన్నా."

"ఎవురు చెప్పినారు?"

"మీటరు."

"దాన్ని లోపల పెట్టు," అన్నాడు.

పదింటికి కార్లు వచ్చాయి. టెంకాయలు కొట్టారు. నోడల్ అధికారి నాలుగు దేశాల స్నేహం గురించి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆయన మాట్లాడుతుండగా ఆఫ్రికా పెద్దాయన కుప్పలోంచి ఒక కాయ తీసి, మన బస్సుల్లో ఒలుచుకున్నట్టే బొటనవేలితో కాయ ముక్కు మీద నొక్కి పగలగొట్టి, పొట్టు ఊది నోట్లో వేసుకున్నాడు. తరువాత ఇంకో గుప్పెడు తీసి కోటు జేబులో వేసుకున్నాడు. గోడ దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు గిల్లుకున్నారు.

"మనోడే! గుంతకల్లు బస్సులో కిటికీ పక్కన కూసున్న్యోడు ఇట్లనే జేబు నింపుకుండ్య."

"ఆయప్ప చూస్తాండాడు, గమ్మునుండే."

"ఆయప్పకు తెలుగొస్తాదా ఏమి?"

కెమిస్టు మాత్రం ఉపన్యాసం వినలేదు. కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగు నుంచి పిడికెడు కాయలు తీసింది. వాసన చూసింది. ఒక కాయను చెవి దగ్గర పెట్టి ఊపింది. ఎండిన కాయ అయితే లోపల గింజ గలగలమంటుంది. ఈ కాయ పలకలేదు.

ఆమె తలెత్తి చుట్టూ చూసింది. అధికారిని కాదు, చైర్మనును కాదు, నన్నూ కాదు, నేరుగా మేస్త్రక్కను చూసింది. చూస్తూ కుడి చెయ్యి ఎత్తి, చెంబులో నీళ్లు ముంచి చల్లినట్టు గాలిలో అభినయించింది. ఒకసారి చేసి, కనుబొమ్మలెగరేసి, మళ్లీ ఇంకోసారి చేసింది.

మేస్త్రక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. కెమిస్టు కూడా నవ్వింది. అంతే, గోడ పొడుగునా నవ్వు పాకింది.

"ఈయమ్మ మన పక్కూరామెనే," అంది ఎవరో.

కెమిస్టు లేచి నా దగ్గరికి వచ్చింది. తక్కువ మాటల ఇంగ్లీషు ఆమెది. తన తల్లి కూడా కాయలకు నీళ్లు చల్లేదని, తను చిన్నప్పుడు ఆ కాయలు ఒలిచి చేతులు ఒరుసుకుపోయేవని చెప్పింది. ఆ తరువాత ఒక మాట అంది. ఇక్కడి నుంచి కర్ణాటకలో ఇంకో చోటికి పోతున్నాం, మూడు రోజుల తరువాత ఇదే దారిన తిరిగి వస్తాం. ఈ రోజు చూడడం మాత్రమే జరిగిందని రాస్తాను. కాయలు ఎండబెట్టించు. తిరిగొచ్చేటప్పుడు శాంపిలు తీస్తాను. ఈ రోజే తీస్తే మాత్రం, ఏది వస్తే అది రాయాల్సిందే.

ఆమె అట్లా అనవలసిన అవసరం లేదు. ఏ ఒప్పందంలోనూ ఆ వెసులుబాటు రాసి లేదు. శెనక్కాయ ఊరి మనిషి శెనక్కాయ ఊరి మనిషికి ఇచ్చిన గడువు అది. నాలుగు దేశాల సహకారం నేను కళ్లారా చూసింది ఆ కాసేపే.

నేను పోయి అధికారికి, చైర్మనుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

అధికారి ప్రోగ్రాం షీటు తీసి చూశాడు. ఆయనది కోస్తా మాట, మెత్తగా ఉంటుంది. "బాబూ, శాంపిలింగు పదకొండున్నరకని ఉంది. పైవాళ్లకి ఫోటోలు ఈ పూటే పంపాలి. మూడ్రోజులాగమంటే పైనుంచి నన్నడుగుతారు, ఎందుకాగావని. ఏం చెప్పమంటావు? మా సరుకు తడిసిందని చెప్పనా?"

"కాయలు తడిగా ఉన్నాయి సార్."

"అది నువ్వు చెబుతున్నావు. ఆవిడ రాయలేదుగా ఇంకా."

చైర్మను విలేకరుల వైపు ఒక చూపు వేసి, గొంతు తగ్గించాడు. "ఎండబోసుకోమని బయట దేశమామె మనకు చెప్పేదేమప్పా? మా తాతల కాడి నుంచి చేస్తాండాం శెనక్కాయల యాపారం. రేపు పేపర్లో యాం రాస్తారో తెలుసునా? శాంపిలు తియ్యకుండా ఎనిక్కి పోయినారని రాస్తారు. నా మొగాన ఉమ్ముతారు."

మేస్త్రక్కకు ఇంగ్లీషు రాకపోయినా జరుగుతున్నది తెలిసింది. ముందుకు వచ్చింది. అధికారి ముందు ఆమె నోరు తెరవడం అదే మొదటిసారి.

"సార్, మూడు దినాలు టైమియ్యండి సార్. ఎండ బాగుండాది. మేమంతా ఈడనే పండుకుని ఎండబోస్తాం. గింజ గలగలమనకుంటే నన్నడుగండి."

"నువ్వు గమ్మునుండుమ్మా," అన్నాడు చైర్మను. "నీకేం తెల్చు ఇవన్నీ."

"నీళ్లు చల్లింది నేనే గద సార్. నాకే తెల్చు."

అధికారి కెమిస్టు దగ్గరికి నడిచి పోయి, మా సరుకు మీద మాకు పూర్తి నమ్మకముంది, కార్యక్రమం ప్రకారమే కానివ్వండి అని నవ్వుతూ చెప్పాడు. ఆమె నా వైపు చూసింది, తప్పు విన్నానా అన్నట్టు. తప్పు వినలేదని తల ఊపాను.

ఆమె చేతులకు తొడుగులు వేసుకుంది. కుప్పలోంచి కొన్ని కాయలు, ఆ పొద్దున కొట్టి, ఆరబోయకుండానే చైర్మను కట్టించిన పప్పు మూటల్లోంచి బోలు కడ్డీ గుచ్చి కొంత పప్పు, పద్ధతి ప్రకారం తీసింది. గుడ్డ సంచి అడిగింది. గుడ్డ సంచి లేదు. పథకం వాళ్లు ప్రత్యేకంగా చేయించిన ప్లాస్టిక్ కవర్లున్నాయి, దళసరివి, వాటి మీద నాలుగు జెండాలు. గాలి చొరబడకుండా వేడితో అతికించే మిషను కూడా తెచ్చారు. తడి పప్పును అందులో వేసి అతికించారు. ఫోటోలు తీశారు. కవరు లోపలి వైపు చెమట పట్టడం ఫోటోలో కూడా కనబడుతుంది. ఆ ఫోటో పథకం బ్రోచరులో అచ్చైంది.

కెమిస్టు వెళ్లేముందు తనే పోయి మేస్త్రక్క చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. కొంతసేపు పట్టుకుని వదిలేసింది.

ఆ మధ్యాహ్నమే ఆడవాళ్లు మిగిలిన సరుకంతా కళ్లంలో పోశారు. ఎవరూ చెప్పలేదు. ఎండలో నిలబడి కాళ్లతో గీస్తూ తిరగేశారు. మూడో రోజుకు మీటరు నాకు కావలసిన అంకె చూపించింది. పప్పు పరీక్ష చేశాను. పాస్. నా జీవితంలో అంత శుభ్రమైన ఫలితం చూడలేదు. మూడు సార్లు చేశాను, మూడు సార్లూ అదే.

కవరు సంగతి వేరు. నాలుగు దేశాల మధ్య సరుకు స్వేచ్ఛగా తిరగాలని రాసుకున్న ఒప్పందంలో, శాంపిలు ఎట్లా తిరగాలో రాయడం మరిచిపోయారు. అది వ్యాపార సరుకు కాదు, ప్రయాణీకుల సామాను కాదు. కెమిస్టు వెంట తీసుకుపోబోతే, విత్తనమా, తిండా అని మన విమానాశ్రయంలో వాదన జరిగి, కవరును ఆపేసుకున్నారు. మొక్కల తెగుళ్ల శాఖ కాగితం కావాలన్నారు. ఆ కాగితం ఇచ్చే అధికారి సెలవులో ఉన్నాడు. తడి పప్పు ప్లాస్టిక్ కవరులో, వేడి గోదాములో, నెల దగ్గర దగ్గర కూర్చుంది. చేరేటప్పటికి లోపల పచ్చగా బూజు పట్టిపోయిందట.

రిపోర్టు వచ్చింది. ఫెయిల్. మా ల్యాబు గుర్తింపు ఆగిపోయింది. నా మూడు పరీక్షలకు విలువ లేదు, ఎందుకంటే నా రిపోర్టును నమ్మాలంటే ముందు ఆ శాంపిలు పాసవ్వాలి. నేను కెమిస్టుకు మెయిలు రాశాను. జవాబు తొందరగానే వచ్చింది. ఏం జరిగిందో తనకు తెలుసని, కానీ తన బల్ల మీదికి వచ్చింది ఆ కవరేనని, బల్ల మీద ఉన్నదాన్ని మాత్రమే తను కొలవగలనని రాసింది. నేను ఆమె స్థానంలో ఉన్నా అదే రాసేవాణ్ణి. ఆ మెయిలు చదివి నాకు కోపం రాలేదు. రాకపోవడమే బాధనిపించింది.

నోడల్ అధికారికి వేరే పథకం ఇచ్చారు. చైర్మను సరుకును వేరే రాష్ట్రం వ్యాపారికి అమ్మేశాడు. మిగిలిన కాయలను మిషనుకు వేయకుండా కాయలుగానే అమ్మాడు, షెడ్డు మూతపడింది. ఆ వ్యాపారికి సొంత మిషన్లున్నాయి, రేవు దగ్గర సొంత గోదాములున్నాయి.

కొన్ని నెలల తరువాత ఉరవకొండలో టీ అంగడి దగ్గర మార్కెట్ దళారి ఒకాయన కలిశాడు. ఆ బేరం కుదిర్చింది ఆయనే.

"మీ కాయలు యాడికి పోయినాయో తెలుసునా?" అన్నాడు.

"తెలీదన్నా."

"ఆ దేశానికే పోయినాయప్పా. ఫెయిలు చేసింది గదా ఆయమ్మ, ఆయమ్మ దేశానికే. వేరే సంచుల్లో, వేరేవాళ్ల పేరుతో. రేవులో మళ్లా పరీచ్చ చేసినారంట. పాసైనాయంట." టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "నువ్వు బాగా ఎండబెట్టిచ్చినావులే. నీ పేరు చెప్పుకొని తింటారు ఆడ."

కాబట్టి లెక్క ప్రకారం పథకం విజయవంతమైంది. ఒక వర్ధమాన దేశపు శెనక్కాయలు ఇంకో వర్ధమాన దేశానికి చేరాయి. నాణ్యత నిలబడింది. మధ్యలో పోయింది షెడ్డు ఒక్కటే, దానికి ఏ పట్టికలోనూ గడి లేదు. బ్రోచరు చూస్తే మీకూ అట్లనే అనిపిస్తుంది.

మీకు నేను చెప్పగలిగింది తక్కువ. గుడ్డ సంచులు సొంతంగా కొనుక్కుని పెట్టుకోండి. అవతలి దేశం మనిషి మూడు రోజులు ఆగుతానంటే అది ఒప్పందాలన్నిటికంటే పెద్దదని గుర్తుపట్టండి. గుర్తుపట్టినా మీ చేతిలో ఏమీ ఉండకపోవచ్చు.

ల్యాబు మూసిన రోజు పరికరాలు జిల్లా గోదాముకు పంపించేశాను. నేను ఇప్పుడు హిందూపురం దగ్గర బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. పని పరవాలేదు. ఎవరూ విదేశాల నుంచి రారు.

పోయిన వారం మేస్త్రక్కకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక కుక్కరు కూత, ఎవరివో మాటలు.

"యాడుండావక్కా?"

"బెంగుళూరప్పా. ఇంగ యాడుంటాం. అపార్ట్‌మెంట్లో క్లీనింగు. కట్టడం పని కంటే నయం, నీడ పట్టున ఉండచ్చు. నీకు పెండ్లయిందా?"

"ఇంకా లేదక్కా. ఎవరెవరున్నారు ఆడ?"

"అంతా మన షెడ్డోళ్లే. ఒగే రూము." ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో, "ల్యాబు అబ్బోడే, మాట్లాడతావా?" అంది. నవ్వులు వినబడ్డాయి. ఎవరూ ఫోను తీసుకోలేదు.

"రూము ఎంతుంటుందక్కా?"

నేను అట్లాంటివే అడుగుతానని ఆమెకు తెలుసు. లేచి కొలిచినట్టుంది, కొంచెం ఆగి చెప్పింది.

పదడుగులు, పదడుగులు. మనుషులు ఏడుగురు.